సున్నపురాయి సీమలో కోడికి సున్నం కరువు
తోలుగుడ్లకు కారణం దిష్టి కాదు.. రెండు కొబ్బరి చిప్పలతో తీరే లోటు

పిడుగురాళ్ల: పల్నాడులో సున్నపురాయికి కొదవ లేదు. పిడుగురాళ్ల చుట్టుపక్కల ఎటు చూసినా సున్నపు బట్టీలే. దాచేపల్లి, మాచర్ల వైపు వెళితే సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాళ్ల గనులు. ఇంటి గోడ నాపరాయే, వాకిలి నాపరాయే, పశువుల కొట్టంలో గాడి కూడా నాపరాయే. ఇంత సున్నం మధ్య తిరిగే పెరటి కోడి తనకు సున్నం చాలక తోలుగుడ్లు పెడుతోందంటే నమ్మబుద్ధి కాదు. కానీ ఇప్పుడు చాలా ఇళ్లలో జరుగుతున్నది ఇదే.

దాచేపల్లి మండలంలోని ఒక గ్రామంలో ఒక ఇల్లాలు ఈ విలేకరికి తన పెరడు చూపించింది. కిందటేడు ఆమె పొదుపు సంఘంలో తీసుకున్న అప్పులో కొంత పెట్టి 15 గ్రామప్రియ పిల్లలను కొన్నది. కుక్కల భయానికి చుట్టూ వల కట్టించింది. వానకు బురద కాకుండా కింద నాపరాళ్లు పరిపించింది. నూకలు, తవుడు, జొన్నలు వేళ తప్పకుండా వేసింది. పుంజులు పోగా పది పెట్టలు నిలిచాయి. ఆరో నెలలో గుడ్డుకొచ్చాయి. మొదటి నెలంతా రోజుకు అయిదారు గుడ్లు. సంఘం వాయిదా గుడ్ల డబ్బుతోనే కట్టింది.

రెండో నెలలో పెంకు పలచబడింది. చేత్తో తీస్తేనే చిట్లిపోయేది. తర్వాత పెంకే లేకుండా, పొరతోనే జారిపడే తోలుగుడ్లు మొదలయ్యాయి. చిట్లిన గుడ్డు రుచి మరిగిన కోళ్లు, పెట్టిన గుడ్డును పెట్టినట్టే పొడుచుకు తినసాగాయి. ఒక పెట్ట కాళ్లు చాపి కూలబడింది. మళ్లీ లేవలేదు.

"ఎవరి కళ్లు పడ్డాయో అనుకున్నాను అబ్బాయ్. గూటికి నిమ్మకాయలు, మిరపకాయలు కట్టాను. అయినకాడికి అమ్మేద్దామని బేరం కూడా పెట్టాను" అని ఆమె చెప్పింది.

అదే సమయంలో పశువుల ఆసుపత్రి సహాయకుడు ఒకరు ఎవరిదో గేదెకు సూది వేయడానికి ఆ వీధికి వచ్చారు. పనిలో పనిగా కోళ్లను చూసిపొమ్మని ఆమె అడిగింది. ఆయన కోళ్లకంటే ముందు పెరడంతా కలియజూశారు. "అమ్మా, ఇక్కడ ఒక్క గులకరాయి లేదు. ముక్కుతో పొడిస్తే రాలే సున్నం పెచ్చు లేదు. ఇక అది గుడ్డుకు పెంకు దేనితో కట్టాలి?" అని అడిగారట. మందు రాయలేదు. రెండు కొబ్బరి చిప్పలు తెమ్మన్నారు. ఆ చిప్పల్లో ఏం పెట్టాలో తెలుసుకునే ముందు, కోడి కడుపు సంగతి కొంత తెలుసుకోవాలి.

కోడికి రాయే పన్ను

నాటుకోడి కోసిన ఇంట్లో ఆడవాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. కందనకాయ చీల్చితే లోపల పసుపుపచ్చని పొర, దానిలో నలిగిన గింజలు, వాటి మధ్య చిన్న చిన్న రాళ్లు. పొర ఒలిచి, రాళ్లు దులిపి, కందనకాయను కూరలో వేస్తారు. ఆ రాళ్లు పొరపాటున మింగినవి కావు. కోడి ఏరుకుని మరీ మింగినవి.

కోడికి పళ్లు లేవు. మింగిన గింజ మెడ కింది తిత్తిలో నానుతుంది. కడుపులో పులుపు రసం కలుపుకొని కందనకాయకు చేరుతుంది. కందనకాయ గట్టి కండ. అది బిగుసుకుంటూ వదులవుతూ ఉంటే లోపలి రాళ్లు తిరగలి రాళ్లలా గింజను నలుపుతాయి. రాళ్లు లేకపోతే గింజ సరిగా నలగదు. పెట్టిన మేతలో కొంత ఒంటపట్టకుండానే పోతుంది. పొడుగాటి గడ్డి, పీచు లోపల ముద్దకట్టి అడ్డం పడే ప్రమాదమూ ఉంది.

ఫారం కోడికి మేతను మరలో పిండి చేసి పెడతారు. కాబట్టి దానికి రాళ్లు లేకపోయినా గడిచిపోతుంది. గింజలు, ఆకులు, పురుగులు తినే పెరటి కోడికి అలా గడవదు.

రాయి వేరు, సున్నం వేరు

చాలామంది పొరబడేది ఇక్కడే. ఇసుకలో తిరుగుతోంది కదా, సున్నం కూడా అందుతుందిలే అనుకుంటారు. నల్లరాయి, పలుగురాయి, ఏటి గులక కడుపులోని పులుపుకు కరగవు. అవి కందనకాయలో చాలాకాలం నిలిచి గింజ నలపడానికే పనికొస్తాయి. వాటివల్ల పెంకుకు చేకూరేది ఏమీ లేదు.

సున్నపురాయి, నత్తగుల్ల, ఆల్చిప్ప, గుడ్డు పెంకు రెండో జాతివి. ఇవి పులుపు తగిలితే కరిగిపోతాయి. కరిగిన కాల్షియమే రక్తంలో చేరి పెంకు కడుతుంది. కరిగిపోయేది పన్నుగా ఎక్కువ కాలం నిలవదు. కనుక గుడ్డు పెట్టే కోడికి రెండూ కావాలి. ఒకటి పన్ను, ఒకటి తిండి.

చేతిలో ఉన్నది ఏ రాయో తేల్చుకోవడానికి ఇంట్లోనే పరీక్ష ఉంది. రాతిని కొంచెం పొడి చేసి నాలుగు చుక్కలు నిమ్మరసం పిండాలి. బుసబుస నురగ వస్తే సున్నపురాయి. రాకపోతే మామూలు రాయి.

లెక్క చూస్తే తెలుస్తుంది

55 గ్రాముల గుడ్డులో పెంకు బరువు 5 గ్రాములకు పైనే ఉంటుంది. ఆ పెంకులో నూటికి 90 పాళ్లకు పైగా సున్నపురాయిలో ఉండే పదార్థమే. అందులో కాల్షియం సుమారు 2 గ్రాములు. తిన్నదంతా ఒంటపట్టదు కాబట్టి గుడ్డు పెట్టే రోజున కోడి 3 నుంచి 4 గ్రాముల కాల్షియం తినాలి.

మనం వేసే మేతలో ఎంత ఉంది? 100 గ్రాముల జొన్నల్లో కాల్షియం 25 మిల్లీగ్రాములు, అంటే గ్రాములో 40వ వంతు. బియ్యం నూకల్లో ఇంకా తక్కువ. రాగులు మేలు, 100 గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. అయినా గుడ్డుకు కావలసిన దానిలో పదో వంతే. ఎంత దండిగా గింజలు వేసినా గింజలతోనే పెంకు గట్టిపడదు.

మిగతాది కోడి ఎక్కడి నుంచి తెస్తుంది? తన ఎముకల నుంచి. కోడి అస్థిపంజరం మొత్తంలో ఉండే కాల్షియం సుమారు 20 గ్రాములు. బయట నుంచి అందకపోతే కొన్ని గుడ్ల వరకు ఎముకలు కరిగించి పెంకు కడుతుంది. ఆ తర్వాత పెంకు పలచబడుతుంది. చివరకు కాళ్లలో సత్తువ పోయి కూలబడుతుంది. ఆ ఇల్లాలి పెట్టకు జరిగింది ఇదే.

మన పాత నాటు పెట్ట ఏడాదికి 50, 60 గుడ్లు పెడుతుంది. గుడ్డు చిన్నది. మధ్యలో పొదుగుకు కూర్చుంటుంది, పిల్లలతో తిరుగుతుంది. ఏడాది మొత్తానికి పెంకులకు దానికి కావలసిన కాల్షియం 100 గ్రాముల లోపే. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన గ్రామప్రియ పెరట్లో ఏడాదికి 160 నుంచి 180 గుడ్లు పెట్టగలదు. 170 గుడ్లంటే పెంకుల్లోకి పోయే కాల్షియం 340 గ్రాములు. తన ఎముకలన్నిటిలో ఉన్నదానికి 17 రెట్లు. జాతి మార్చి పాత మేతతోనే సరిపెడితే ఏమవుతుందో ఈ లెక్కే చెబుతుంది.

వెనక ఎలా సరిపోయేది?

మా అమ్మల కాలంలో కోళ్లకు ఎవరూ సున్నం పెట్టలేదు కదా అని పెద్దలు అడుగుతారు. నిజమే, పెట్టలేదు. కోడే తెచ్చుకునేది. గోడలకు సున్నం కొట్టేవాళ్లు, పెచ్చులు రాలేవి. ఆ పెచ్చులను కోళ్లు పొడవడం అందరూ చూసిందే. పాత సున్నం గాలి తగిలి కాలక్రమాన మళ్లీ సున్నపురాయి గుణానికే వస్తుంది కాబట్టి ఆ పెచ్చు చెరుపు చేసేది కాదు. పెంటకుప్పలో పురుగులు, పొలం గట్టున నత్తలు, వీధిలో కంకర, గులక దొరికేవి.

ఇప్పుడు గోడలకు రంగులు వచ్చాయి. వీధులు సిమెంటు రోడ్లయ్యాయి. వాకిళ్లకు నాపరాళ్లు, టైల్సు పరిచారు. నాపరాయి సున్నపు జాతిదే అయినా నున్నగా, గట్టిగా ఉంటుంది. కోడి ముక్కుకు రాలదు. పొలాల్లో పురుగుమందుల భయం, వీధిలో కుక్కల భయం. దాంతో కోడిని వలలో పెట్టాం. అది వెతుక్కునే దారి మనమే మూసినప్పుడు, వెతుక్కునేది కూడా మనమే తెచ్చి పెట్టాలి.

పొలాల్లో, రాళ్ల నేలల్లో పొద్దస్తమానం తిరిగే కోళ్లకు రాళ్లు వేయనక్కర లేదు. అవే ఏరుకుంటాయి. అయితే అవి కూడా ఎక్కువ గుడ్లు పెట్టే జాతివైతే సున్నపు చిప్ప పెట్టడం మంచిది.

ఇక రెండు చిప్పల సంగతి

మొదటి చిప్ప రాళ్లది. ఇల్లు కట్టేచోట ఇసుక జల్లెడ పడితే పైన మిగిలే బరక ఇందుకు చక్కగా సరిపోతుంది. పెద్ద కోడికి జొన్నగింజ నుంచి శనగగింజ లోపు పరిమాణం చాలు. మట్టి పోయేలా కడిగి పెట్టాలి. గింజలు, ఆకులు తినడం మొదలుపెట్టిన పిల్లలకు ముతక ఇసుక సరిపోతుంది. గాజు పెంకులు, ఇనుప తుక్కు కలవకుండా చూడాలి.

రెండో చిప్ప సున్నానిది. మన ప్రాంతంలో పచ్చి సున్నపురాయి ముక్కలు సులభంగా దొరుకుతాయి. జొన్నగింజంత బరకగా నలగగొట్టి, దుమ్ము చెరిగేయాలి. డోలమైట్ అనే రాయి కూడా చూడటానికి ఇలాగే ఉంటుంది. దానిలో మెగ్నీషియం ఎక్కువ, గుడ్ల కోళ్లకు మంచిది కాదు. సున్నపురాయి ఏదో తెలిసిన చోటే తెచ్చుకోవాలి. కాలువల వెంట, మాగాణి పొలాల్లో దొరికే నత్తగుల్లలైనా పనికొస్తాయి. వాటిని ఉడకబెట్టి, ఎండబెట్టి నలగగొట్టాలి.

గుడ్డు పెంకులు అన్నిటికంటే సులువు. మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టే బడి దగ్గర అడిగినా ఉడికించిన గుడ్ల పెంకులు దొరుకుతాయి. ఇంట్లో పచ్చి గుడ్డు కొట్టిన పెంకులైతే పెనం మీద బాగా వేడిచేయాలి. ఏవైనా సరే, గుడ్డు ఆకారం తెలియకుండా చిదిమి పెట్టాలి. సగం పెంకు అలాగే వేస్తే కోడికి గుడ్డు తినే దురలవాటు అబ్బుతుంది.

కొలత విషయానికి వస్తే, గుడ్లు పెట్టే పది పెట్టలకు రోజుకు ఒక గుప్పెడు, అంటే సుమారు 50 గ్రాములు, సున్నపు ముక్కలు సరిపోతాయి. మిగిలితే చిప్పలోనే ఉండనివ్వాలి. మేతలో కలపకూడదు. మరునాడు గుడ్డు పెట్టబోయే పెట్టకు సున్నం మీద ఆశ దానికదే పుడుతుంది. పుంజు, గుడ్డుకు రాని పెట్ట వాటిజోలికి అంతగా పోవు. మేతలో కలిపితే అక్కర లేనివీ తినాల్సి వస్తుంది. ఎదిగే పిల్లలకు సున్నం ఎక్కువైతే మూత్రపిండాలు చెడతాయి. తురాయి ఎర్రబడి పెట్ట గుడ్డుకొచ్చే సూచన కనిపించినప్పుడు చిప్ప పెడితే చాలు.

వేళ కూడా ముఖ్యమే. కోడి కడుపులో పెంకు కట్టడానికి సుమారు 20 గంటలు పడుతుంది. అందులో ఎక్కువ భాగం రాత్రిపూట జరుగుతుంది. ఆ సమయానికి మేత ఉండదు. సాయంత్రం బరక ముక్కలు తింటే అవి కందనకాయలో నిలిచి రాత్రంతా కొద్దికొద్దిగా కరుగుతాయి. మెత్తని పొడి అయితే త్వరగా జారిపోతుంది. అందుకే బరకగా నలగగొట్టాలి, సాయంత్రం తప్పక అందేలా చూడాలి.

తిన్న కాల్షియం ఒంటపట్టాలంటే డి విటమిన్ కావాలి. అది ఎండవల్ల వస్తుంది. రోజుకు కొంతసేపైనా కోళ్లు ఎండలో తిరగాలి. మునగాకు, అవిసె ఆకు దొరికితే వేయడం మంచిది.

బట్టీ సున్నం జోలికి పోవద్దు

పిడుగురాళ్ల ప్రాంతం వారికి ఈ హెచ్చరిక అవసరం. పచ్చి సున్నపురాయి వేరు, బట్టీలో కాల్చిన సున్నం వేరు. కాల్చిన సున్నం తడి తగిలితే భగ్గున వేడెక్కుతుంది. కోడి నోట్లో, గొంతులో తడే కదా.

ఈ విలేకరి ఇంట్లో చిన్నతనాన జరిగిన సంగతి ఇది. గుడ్లకు సున్నం మంచిదని ఎవరో అనగా విని, బట్టీ సున్నం గుప్పెడు తవుడులో కలిపి పెట్టాం. గంట తిరక్కముందే కోళ్లు నోళ్లు తెరుచుకుని నీళ్ల మీద పడ్డాయి. తెల్లవారేసరికి మూడు పెట్టలు చనిపోయాయి. అందులో ఒకటి పొదుగు మీద ఉన్నది. దాని కింది గుడ్లూ పోయాయి. ఆ తర్వాత రెండేళ్లు అమ్మ కోళ్ల మాట ఎత్తలేదు.

అనుమానం ఉంటే ముక్కను నీళ్లలో వేసి, కొంచెం దూరంగా నిలబడి చూడండి. బుస్సుమని వేడెక్కి విచ్చుకుపోతే అది కాల్చిన సున్నం. ఏమీ కాకుండా అడుగున పడి ఉంటే పచ్చి రాయి. తాంబూలంలోకి వాడే తడి సున్నాన్ని కూడా కోళ్లకు పెట్టకూడదు.

ఎండాకాలం సంగతి

రెంటచింతల ఎండలు రాష్ట్రమంతటికీ తెలిసినవే. ఎండకు కోడి నోరు తెరిచి రొప్పుతుంది. అలా రొప్పినప్పుడు పెంకు కట్టడానికి కావలసిన బొగ్గుపులుసు వాయువు ఊపిరితో బయటకు పోతుంది. మేత కూడా తగ్గిస్తుంది. చిప్పలో సున్నం ఉన్నా వేసవిలో పెంకు కొంత పలచబడటానికి ఇదే కారణం. నీడ, చల్లని నీళ్లు ఉండాలి. మేతను తెల్లవారుజామున, పొద్దువాలాక వేయాలి. సున్నపు చిప్పను నీడలో పెట్టాలి.

సున్నంతో తీరనివి

పెంకు చెడితే అన్నిటికీ సున్నమే మందు కాదు. కొత్తగా గుడ్డుకొచ్చిన పెట్ట మొదటి ఒకటి రెండు గుడ్లు మెత్తగా పెట్టవచ్చు. ముసలి పెట్ట గుడ్డుకు పెంకు పలచగానే ఉంటుంది. కుక్క తరిమి బెదిరిన కోడి కూడా వేళ కాకుండానే గుడ్డు జారవిడుస్తుంది. ఇవి భయపడవలసినవి కావు.

ఉన్నట్టుండి గుడ్లు తగ్గి, పెంకు వంకరటింకరగా వచ్చి, కోళ్లు గురక పెడుతూ, పచ్చగా పారుతూ, మెడలు తిప్పుతుంటే అది కొక్కెర తెగులు కావచ్చు. అప్పుడు చిప్పలో సున్నం పోస్తూ కూర్చోకుండా వెంటనే పశువుల ఆసుపత్రికి కబురు చేయాలి. జబ్బు కోడిని వేరు చేయాలి. ఈ తెగులుకు టీకా ఉంది. పిల్లకు వారం వయసులో లసోటా చుక్కలు, ఎనిమిది వారాలప్పుడు ఆర్.టు.బి. సూది వేయిస్తారు. సున్నం ఎంత పెట్టినా టీకా మానకూడదు.

పొదిగించే గుడ్ల విషయంలో పెంకు మరీ ముఖ్యం. పలచని పెంకు గుడ్డు పొదుగు కింద పగిలి పక్క గుడ్లనూ పాడుచేస్తుంది. పగలకపోయినా లోపలి తడి త్వరగా ఆరిపోయి పిల్ల గుడ్డులోనే చస్తుంది. పొదుగుకు వేయదలచిన వాళ్లు ముందు నుంచే సున్నపు చిప్ప పెట్టి, గట్టి పెంకు గుడ్లు ఏరి దాచుకోవాలి.

ఆ ఇల్లాలి పెరట్లో ఇప్పుడు

గూటి పక్కన రెండు కొబ్బరి చిప్పలు తీగతో కట్టి ఉన్నాయి. ఒకదానిలో ఇసుక బరక, ఒకదానిలో సున్నపురాయి ముక్కలు. పెట్టిన మొదటి సాయంత్రం కోళ్లు సున్నపు చిప్ప మీద ఎగబడి ఖాళీ చేశాయట. వారం తిరిగేసరికి పెంకు గట్టిపడింది. గుడ్లు తినే అలవాటు మాత్రం అంత తొందరగా మానలేదు. గుడ్ల గంపను చీకటి మూలకు మార్చి, గడ్డి మందంగా వేసి, పెట్టిన గుడ్డును పెట్టినట్టే తీసేస్తూ ఉంటే నెల రోజులకు తగ్గింది. కూలబడిన పెట్ట దక్కలేదు.

"మందుకు పైసా ఖర్చు కాలేదు. అదేదో రెండు నెలల ముందు తెలిస్తే ఆ పెట్ట నా ఇంట్లోనే ఉండేది" అన్నది ఆమె. నిమ్మకాయల దండ ఇంకా గూటికే వేలాడుతోంది. తీసేయలేదేమని అడిగితే, "ఉండనీలే అబ్బాయ్, దానికి మేత పెట్టాలా ఏమన్నానా" అని నవ్వింది.

కోళ్లు పెంచే ఆడపడుచులు ఈ సాయంత్రం వాటిని గూటికి తోలేముందు ఒకసారి తమ పెరడు చూసుకోవాలి. కోడి కాలితో గీరితే రాయి తగులుతుందా, ముక్కుతో పొడిస్తే సున్నం రాలుతుందా? రెండూ లేకపోతే ఇంట్లో పారేసే కొబ్బరి చిప్పలు రెండు కడిగి పెట్టుకోవాలి.